స్టెఫాన్ ష్వార్జ్ అన్ని క్లబ్బులు ఎందుకు మారాడు?

ప్రశ్న: కొత్తచూపు

నమస్కారం. ఈమధ్య పాత ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్‌లు ఒక్కొక్కటే చూస్తూ వస్తున్నాను. 1994 స్వీడన్ జట్టు దగ్గరికి వచ్చేసరికి ముందుకు కదలలేకపోయాను. బ్రోలిన్, డాలిన్, కెన్నెత్ అండర్సన్, గోల్‌కీపర్ రావెల్లి పేర్లు అంతకుముందే విన్నవే. కానీ నా కళ్ళు మాటిమాటికీ ఆరో నంబరు చొక్కా వైపే పోయాయి. ఎడమవైపు మధ్యలో నిలబడి బంతి ఎక్కడ పోతే అక్కడికి తానూ చేరుకుంటున్న ఆటగాడు, స్టెఫాన్ ష్వార్జ్.

అతని గురించి వెతికితే ముఖ్యంగా రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, సండర్లాండ్ క్లబ్ అతని ఒప్పందంలో అంతరిక్షానికి వెళ్ళకూడదని షరతు పెట్టిందన్న వార్త. ఎక్కడ చూసినా అదే. రెండోది, క్లబ్బుల జాబితా: మాల్మో, బెన్ఫికా, ఆర్సెనల్, ఫియోరెంటీనా, వాలెన్సియా, సండర్లాండ్. అంటే స్వీడన్, పోర్చుగల్, ఇంగ్లండ్, ఇటలీ, స్పెయిన్, మళ్ళీ ఇంగ్లండ్. రెండుచోట్ల ఒక్కొక్క సీజనే ఆడాడు.

ఇంత మంచి ఆటగాడు ఎక్కడా ఎందుకు కుదురుకోలేదు? క్లబ్బులే వద్దనుకున్నాయా, అతనికే నిలకడ లేదా? ఆ కాలం ఆట చూసినవారు చెబితే వినాలని ఉంది.

జవాబు: ఎడమకాలు

కొత్తచూపు గారూ, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని చాలాకాలంగా చూస్తున్నాను. ష్వార్జ్ నా అభిమాన ఆటగాడు. నేనూ కాలేజీ రోజుల్లో ఎడమకాలితోనే ఆడేవాణ్ణి, ఎడమ మిడ్‌ఫీల్డ్‌లోనే. ఆ స్థానంలో ఆడేవాడు మైదానంలో ఎంత చాకిరీ చేయాలో, అందులో ఎంత కొంచెం టీవీలో కనిపిస్తుందో నాకు తెలుసు.

మీరు ఆ జాబితాను అతనెక్కడెక్కడ వదిలి వెళ్ళాడో చెప్పే జాబితాగా చదివారు. ఎవరెవరు పిలిచారో చెప్పే జాబితాగా ఒకసారి చదివి చూడండి.

మాల్మోలో మొదలైనప్పుడు అక్కడి కోచ్ రాయ్ హాడ్జ్‌సన్. 1988లో మాల్మో స్వీడన్ చాంపియన్, 1989లో స్వీడిష్ కప్ కూడా ఆ జట్టుదే. అక్కణ్ణుంచి లిస్బన్‌కు పోయాడు. అప్పుడు బెన్ఫికాను నడిపిస్తున్నది స్వెన్ యోరాన్ ఎరిక్సన్. స్వీడన్ ఆటగాళ్ళు యోనాస్ థెర్న్, మాట్స్ మాగ్నుసన్ అప్పటికే అక్కడ ఉన్నారు. 1991లో లీగ్ గెలిచారు. అదే ఏడాది నవంబరులో యూరోపియన్ కప్‌లో ఆర్సెనల్ సొంత మైదానం హైబరీకి వెళ్ళి, అదనపు సమయంలో 3-1తో ఆ జట్టును ఇంటికి పంపారు. ఇసయాస్ రెండు గోల్స్ కొట్టాడు. ఆ మ్యాచ్‌లో ష్వార్జ్ కూడా ఉన్నాడు. మధ్యలోనే కాదు, అవసరమైతే లెఫ్ట్ బ్యాక్‌గానూ ఆడేవాడు, మొహం చిట్లించుకోకుండా.

బెన్ఫికాను ఎందుకు వదిలాడంటే, ముందు ఆ క్లబ్ పరిస్థితి చూడాలి. 1993 వేసవి నాటికే డబ్బుకు కటకట. పావులో సోసా, పచేకో ఇద్దరూ అదే నగరంలోని ప్రత్యర్థి స్పోర్టింగ్‌కు వెళ్ళిపోయారు. అంత దెబ్బ తిన్న జట్టు ఆ మరుసటి ఏడాది, 1994లో, లీగ్ గెలిచింది. గెలిచిన వెంటనే రుయి కోస్టాను ఫియోరెంటీనాకు అమ్మేసింది, ష్వార్జ్‌ను ఆర్సెనల్‌కు ఇచ్చేసింది. బెన్ఫికా మళ్ళీ పోర్చుగల్ చాంపియన్ అయింది 2005లో! మధ్యలో పదకొండేళ్ళు. వెళ్ళిపోయినవారి విలువ ఎంతో ఆ పదకొండేళ్ళే చెబుతాయి.

ఇక ఇటలీ సంగతి. నా దృష్టిలో అతని జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం అదే. 1995 వేసవిలో ఇటాలియన్ లీగ్‌లో ఒక జట్టు మైదానంలోకి దింపగలిగే విదేశీయులు ముగ్గురే. యూరప్ దేశాల ఆటగాళ్ళ మీద అలాంటి పరిమితిని ఎత్తేసిన బోస్మాన్ కోర్టు తీర్పు ఆ ఏడాది డిసెంబరులో గానీ రాలేదు. ఆ మూడు చోట్లంటే బంగారం. ఫియోరెంటీనాలో ఒక చోటు బాటిస్టూటాది, ఇంకొకటి రుయి కోస్టాది. మూడోదానికి కోచ్ క్లాడియో రానియేరి ఎవరిని తెచ్చుకున్నాడు? ష్వార్జ్‌ను. గోల్స్ కొట్టేవాడు ఒకడున్నాడు, గోల్స్‌కు బంతి అందించేవాడు ఒకడున్నాడు, వాళ్ళిద్దరి వెనుక బంతి గెలిచి తెచ్చేవాడు కావాలి. అందుకు ప్రపంచమంతా వెతుక్కునే వీలున్న క్లబ్ ఇతన్ని ఎంచుకుంది.

ఫలితం వెంటనే వచ్చింది. 1996లో అటలాంటాను రెండు మ్యాచ్‌లలోనూ ఓడించి ఇటలీ కప్పు, కోపా ఇటాలియా, గెలిచారు. 1975 తర్వాత ఆ క్లబ్‌కు మళ్ళీ ఆ కప్ దక్కడం అదే మొదలు. కొద్ది నెలల్లోనే సాన్ సిరోలో లీగ్ చాంపియన్ మిలాన్‌ను 2-1తో ఓడించి సూపర్‌కప్ కూడా తెచ్చుకున్నారు. రెండు గోల్స్ బాటిస్టూటావే. ఫ్లోరెన్స్‌లో ఆ రోజుల గురించి ఎవరు రాసినా బాటిస్టూటా పేరే రాస్తారు, రాయాల్సిందే. కానీ ఆ వీడియోలు చూసేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిప్పి, బంతి ఎవరి కాలి నుంచి బయలుదేరిందో చూడండి.

1997లో రానియేరి వాలెన్సియాకు మారాడు. మరుసటి ఏడాదే ష్వార్జ్‌నూ అక్కడికి రప్పించుకున్నాడు. 1999లో వాలెన్సియా స్పెయిన్ కప్పు, కోపా డెల్ రే, గెలిచింది. 1979 తర్వాత మళ్ళీ అప్పుడే. సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో మెస్టాయా మైదానంలో రియల్ మాడ్రిడ్ మీద 6-0. సెవిల్‌లో జరిగిన ఫైనల్‌లో అట్లెటికో మాడ్రిడ్ మీద 3-0. క్లాడియో లోపెజ్ రెండు, మెండియెటా ఒకటి.

ఏళ్ళ తరబడి కప్పు ఎరగని రెండు క్లబ్బులు, రెండు దేశాల్లో, ఒకే కోచ్. రెండుసార్లూ ఆ కోచ్ పక్కన పెట్టుకున్న మిడ్‌ఫీల్డర్ ఒకడే. దీన్ని నిలకడ లేకపోవడం అని నేను అనలేను.

జవాబు: హైబరీ మెట్లు

ఎడమకాలు గారి అభిమానం ముచ్చటగా ఉంది. అయినా ఆర్సెనల్ ఏడాదిని ఆయన దాటవేశారు, అక్కడ నేను ఒప్పుకోను.

1994-95లో మా ఆర్సెనల్ వాళ్ళం లీగ్‌లో 12వ స్థానంలో నిలిచాం. అంతకుముందు కొన్నేళ్ళలో రెండుసార్లు చాంపియన్ అయిన జట్టుకు అది చిన్న పతనం కాదు. మేనేజర్ జార్జ్ గ్రాహం ఫిబ్రవరిలో ఏజెంటు చెల్లింపుల వ్యవహారంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తాత్కాలికంగా స్టూవర్ట్ హ్యూస్టన్ నెట్టుకొచ్చాడు. క్లబ్ అంత కష్టంలో ఉన్నప్పుడు ఒక మంచి మిడ్‌ఫీల్డర్ ఉండిపోవాలి. ఇతను వేసవి రాగానే వెళ్ళిపోయాడు. అదే వేసవిలో బెర్గ్‌కాంప్ వచ్చాడు, మరుసటి ఏడాది వియెరా వచ్చాడు. ఇంకొక్క రెండేళ్ళు ఓపిక పట్టి ఉంటే ఇతని పేరు కూడా ఆ పేర్ల పక్కన ఉండేది.

ఇంకో మాట. 1994 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో రుమేనియా మీద అదనపు సమయంలో రెండో పసుపు కార్డు తీసుకుని బయటికి పోయింది ఎవరు? అప్పుడు స్వీడన్ 1-2తో వెనుకబడి ఉంది. పదిమందితో మిగిలిన జట్టును కెన్నెత్ అండర్సన్ తల, రావెల్లి చేతులు కాపాడాయి. లేకపోతే ఆ కంచు పతకం కథే ఉండేది కాదు. బాగా ఆడతాడు, కాదనను. తొందరపాటు కూడా అతని ఆటలో భాగమే.

జవాబు: ఎడమకాలు

హైబరీ మెట్లు గారూ, కార్డు సంగతి ముందు చెబుతాను. ఆ రెండో కార్డు అతనిదే, అందులో వాదన లేదు. దానికి అతను చెల్లించిన వెల కూడా చూడండి. జులై 13న పాసడీనాలో బ్రెజిల్‌తో సెమీఫైనల్. ష్వార్జ్ లేడు. రెండో సగంలో కెప్టెన్ థెర్న్‌కు కూడా ఎర్ర కార్డు పడింది. మధ్యలో గోడ కట్టాల్సిన ఇద్దరూ మైదానంలో లేరు. అయినా స్వీడన్ 80వ నిమిషం దాకా గోల్ ఇవ్వలేదు. అప్పుడు రొమారియో, అంత పొట్టి మనిషి, స్వీడన్ డిఫెండర్ల మధ్య తలతో కొట్టాడు. ష్వార్జ్ ఉండి ఉంటే ఆ క్రాస్ అక్కడిదాకా వచ్చేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. రుజువు చేయలేను, అయినా నమ్ముతాను. అంతకు రెండేళ్ళ ముందు సొంతగడ్డ మీద జరిగిన యూరప్ దేశాల టోర్నమెంటు, యూరో 1992లోనూ ఇంతే. సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో 3-2తో ఓడిన రోజు అతను జట్టులో లేడు. అతని కాలంలో స్వీడన్ ఆడిన రెండు పెద్ద సెమీఫైనల్స్‌లో రెండూ అతను లేకుండానే జరిగాయి. అభిమానిగా నాకు ఇంతకంటే బాధ కలిగించే సంగతి అతని ఆటలో మరొకటి లేదు.

ఇక మీ ఆర్సెనల్. లీగ్‌లో 12వ స్థానం, నిజం. కానీ ఆ ఏడాది యూరప్ దేశాల కప్ విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్‌లో ఫైనల్ దాకా ఎలా వెళ్ళారో మీకు నేను గుర్తుచేయాలా? సెమీఫైనల్‌లో ఇటలీ జట్టు సాంప్డోరియా. హైబరీలో ఆర్సెనల్ 3-2తో గెలిచింది. జెనోవాలో చివరి పది నిమిషాల్లో వాళ్ళు వెంటవెంటనే రెండు గోల్స్ కొట్టి 3-1కి వెళ్ళారు. మొత్తం లెక్కలో ఆర్సెనల్ బయటికి పోయినట్టే. అప్పుడు దూరంగా ఒక ఫ్రీకిక్. ష్వార్జ్ ఎడమకాలితో నేలబారుగా లాగి కొట్టాడు, వెళ్ళి మూలన పడింది. అదనపు సమయం, ఆపైన షూటౌట్. సీమన్ మూడు పెనాల్టీలు ఆపాడు. అందరికీ సీమన్ గుర్తున్నాడు. ఆ షూటౌట్ ఉండడానికి కారణమైన కాలు ఎవరికీ గుర్తులేదు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఆ సాంప్డోరియా బెంచి మీద కూర్చున్న కోచ్ ఎరిక్సన్. లిస్బన్‌లో ష్వార్జ్‌ను ఆడించింది ఆయనే. ఆయన జట్టునే ఆ ఫ్రీకిక్ కూల్చింది.

పారిస్ ఫైనల్ గురించి మీ ముందు ఎక్కువ చెప్పను. 120వ నిమిషంలో నయీమ్ దాదాపు మధ్యగీత దగ్గరి నుంచి ఎత్తి కొట్టిన బంతి సీమన్ తల మీదుగా పోయింది. స్పెయిన్ జట్టు జరగోజా 2-1తో గెలిచింది.

ఆ ఒక్క పోటీ తీసుకుంటే చాలు, అతని జీవితం మొత్తం కనిపిస్తుంది. 1994లో బెన్ఫికాతో కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్ళాడు, అక్కడ ఇటలీ జట్టు పార్మా ఆపింది. ఆ పార్మాలో బ్రోలిన్ ఉన్నాడు. ఫైనల్‌లో పార్మాను 1-0తో ఓడించిన ఆర్సెనల్ ఆ వేసవిలోనే ష్వార్జ్‌ను తెచ్చుకుంది. 1995లో ఆ ఆర్సెనల్‌తో ఫైనల్ ఆడి ఓడాడు. 1997లో ఫియోరెంటీనాతో మళ్ళీ సెమీఫైనల్. బార్సిలోనాలో 1-1, సొంత మైదానంలో 0-2. మూడు వేర్వేరు దేశాల క్లబ్బులతో ఒకే కప్పు అంచుల దాకా వెళ్ళాడు. వాలెన్సియా కూడా అంతే. అతను వెళ్ళిపోయిన మరుసటి సీజన్‌లో ఆ జట్టు చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది, 2000లో.

ఉండిపోతే పేరు వచ్చేదని మీరంటున్నారు. ఒప్పుకుంటాను. కానీ ఉండిపోయినవాళ్ళ పేర్లే లెక్కలోకి వస్తాయంటే, ప్రతిచోటా వచ్చిన మొదటి ఏడాదే జట్టులో తనకంటూ స్థానం సంపాదించుకున్నవాణ్ణి ఏ లెక్కలో వేయాలి? భాష మారింది, ఆట వేగం మారింది, కోచ్ అడిగే పని మారింది. పోర్చుగల్‌లో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని ఆడాలి, అప్పటి ఇంగ్లండ్‌లో బంతి గాలిలోనే ఉండేది, ఇటలీలో మీటరు అటూ ఇటూ జరిగినా కోచ్ ఊరుకోడు. ఇవన్నీ ఒకే మనిషి చేశాడు.

జవాబు: పట్టికలు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పోల్చి చూడడానికి ఇంకో స్వీడన్ ఎడమకాలి మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు, కిమ్ షెల్‌స్ట్రోమ్. అతనూ తిరిగినవాడే: హాకెన్, యూర్‌గోర్డెన్, రెన్, లియోన్, మాస్కో స్పార్టక్, అప్పుగా ఆర్సెనల్, స్విట్జర్లాండ్‌లో గ్రాస్‌హాపర్స్, చివరికి మళ్ళీ యూర్‌గోర్డెన్. కానీ మధ్యలో లియోన్‌లో 2006 నుంచి 2012 దాకా కదలకుండా ఉన్నాడు. అతనికి అదొక ఇల్లు. ష్వార్జ్‌కు అలాంటి ఇల్లు లేదు, అందుకే ఏ క్లబ్ అభిమానులూ ఇతణ్ణి పూర్తిగా తమవాడని చెప్పుకోరు అని నా అభిప్రాయం.

షెల్‌స్ట్రోమ్ ఆర్సెనల్‌కు వచ్చినప్పుడు వెన్నుపూసకు గాయం ఉంది, కొద్ది మ్యాచ్‌లే ఆడాడు. అయినా 2014 ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌లో విగాన్ మీద షూటౌట్‌లో పెనాల్టీ కొట్టాడు, ఆ కప్పు ఆర్సెనల్ గెలిచింది. కాబట్టి హైబరీ మెట్లు గారూ, తక్కువకాలం ఉన్నవాళ్ళు కూడా మిగిలిపోతారు.

కొత్తచూపు

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగిన దానికంటే చాలా ఎక్కువ తెలిసింది. ఎడమకాలు గారూ, సండర్లాండ్ గురించి మీరు ఇంకా చెప్పలేదు. ఆ అంతరిక్షం కథ నిజమేనా? నిజమైతే దాన్ని అతని కోరికగా అర్థం చేసుకోవాలా? అలాగే, అతని ఆట చూడాలంటే ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

జవాబు: ఎడమకాలు

షరతు నిజమే. కానీ వార్తల్లో దాన్ని తిప్పిన తీరు నాకు నచ్చదు. 1999 వేసవిలో సండర్లాండ్ అతని కోసం దాదాపు 40 లక్షల పౌండ్లు పెట్టింది. ఆ క్లబ్‌కు అప్పటికి అదే రికార్డు. అతని సలహాదారుల్లో ఒకరు, 2002లో బయలుదేరుతుందని అప్పట్లో ప్రచారమైన వాణిజ్య అంతరిక్ష యాత్రలో చోటు తీసుకున్నారు. ష్వార్జ్‌ను కూడా వెంట తీసుకెళ్తారేమోనని క్లబ్ జాగ్రత్తపడింది. అలాంటి ప్రయాణానికి పోయి గాయపడినా, మరింకేమైనా జరిగినా అంత డబ్బూ పోతుంది. స్కీయింగ్ చేయకూడదు, మోటారుసైకిలు నడపకూడదు అని ఆటగాళ్ళ ఒప్పందాల్లో రాసుకునే షరతుల వరుసలో అదొకటి. అతనేదో వింత మనిషి అన్నట్టు పాతికేళ్ళుగా రాస్తూనే ఉన్నారు. కప్పులు తెచ్చిన మనిషిని ఒక్క వాక్యానికి కుదించేశారు.

ఆ 1999 నిజంగా ఎలాంటి ఏడాదో చెబుతాను. జూన్‌లో స్పానిష్ కప్పు. యూరో 2000 అర్హత పోటీల్లో ఇంగ్లండ్, పోలండ్, బల్గేరియా ఉన్న గ్రూపులో స్వీడన్ ఎనిమిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది. ఇచ్చిన గోల్ మొత్తం మీద ఒక్కటే, అది ఇంగ్లండ్ ఆటగాడు షియరర్ కొట్టింది. డిఫెన్స్ ముందు అలాంటి మిడ్‌ఫీల్డ్ నిలబడితే గానీ ఆ లెక్క సాధ్యం కాదు. ఏడాది చివర గుల్డ్‌బోల్లెన్, అంటే ఆ ఏటి ఉత్తమ స్వీడన్ ఆటగాడికిచ్చే బంగారు బంతి, ష్వార్జ్‌కు దక్కింది. అంతకుముందు ఏడాది దాన్ని అందుకున్నది హెన్రిక్ లార్సన్. అదే ఏడాది పేరు చెబితే అందరూ అంతరిక్షం అంటారు!

సండర్లాండ్ అప్పుడే పై డివిజన్‌లోకి వచ్చిన జట్టు. మేనేజర్ పీటర్ రీడ్. ముందు కెవిన్ ఫిలిప్స్, నియాల్ క్విన్ జంట. ఆ సీజన్‌లో ఫిలిప్స్ లీగ్‌లో 30 గోల్స్ కొట్టాడు, జట్టు ఏడో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదీ ఏడో స్థానమే. కానీ ష్వార్జ్ కాలి మడమ వెనుక స్నాయువు, అఖిలిస్, దెబ్బతింది. యూరో 2000 అందువల్లే పోయింది. తను మోసి తీసుకెళ్ళిన టోర్నమెంటుకు తానే వెళ్ళలేకపోయాడు. తర్వాత వయసు, గాయాలు కలిసి వచ్చాయి. 2003లో సండర్లాండ్ 19 పాయింట్లతో కింది డివిజన్‌కు పడిపోయింది, అతను ఆట ముగించాడు. స్వీడన్‌కు మొత్తం 69 మ్యాచ్‌లు, 6 గోల్స్.

పట్టికలు గారు ఇల్లు లేదన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అందులో నిజం ఉంది. ఏ స్టేడియంలోనూ మొదట తలచుకునే పేరు అతనిది కాదు. ఫియోరెంటీనా మూడేళ్ళను నేను అతని ఇల్లు అనుకుంటాను, కానీ అక్కడ బాటిస్టూటా ఉన్నాడు కదా, ఇంకెవరికీ చోటు మిగలదు.

మ్యాచ్‌ల సంగతి. 1994 రుమేనియా మ్యాచ్ మీరు చూసేశారు, దాంతో మొదలుపెట్టవద్దు, ఆ కార్డు మనసులో ఉండిపోతుంది. 1995 ఏప్రిల్‌లో జెనోవాలో జరిగిన సాంప్డోరియా - ఆర్సెనల్ మ్యాచ్ మొత్తం చూడండి, ఒక్క ఫ్రీకిక్ ముక్క కాదు. తర్వాత 1994 ప్రపంచకప్ గ్రూపు దశలో బ్రెజిల్‌తో 1-1గా ముగిసిన డెట్రాయిట్ మ్యాచ్. డుంగా, మావ్రో సిల్వా లాంటి వాళ్ళకు ఎదురుగా అతను ఎక్కడెక్కడ నిలబడ్డాడో గమనించండి. ఆ మ్యాచ్ చూశాక పాసడీనా సెమీఫైనల్ చూస్తే, మధ్యలో అతను లేని ఖాళీ మీకే తెలుస్తుంది. ఓపిక ఉంటే 1996 సూపర్‌కప్ కూడా. అందులో కెమెరా బాటిస్టూటా వెంటే తిరుగుతుంది, అందుకని పూర్తి మైదానం కనిపించే రికార్డింగ్ దొరికితే అదే తీసుకోండి.